టీచరమ్మ జవాబులు: కూర్చోబెట్టి ఇచ్చిన జీతం

పోయిన నెల ఈ పేజీలో ఒకావిడ "లాక్‌డౌన్‌లో తెగిన మాటలు మళ్ళీ అతుక్కుంటాయా?" అని అడిగితే నాలుగు ముక్కల్లో జవాబు రాసి పంపేశాను. అంత తేలిగ్గా వదిలేసే విషయం కాదని మీ ఉత్తరాలు చూశాక అర్థమైంది. మోకాళ్ళ నొప్పుల మీదా, కోడళ్ళ మీదా వచ్చిన ఉత్తరాలు పక్కన పెట్టి ఈసారి పేజీ మొత్తం ఆ ఒక్క సంగతికే ఇస్తున్నాను. కోడళ్ళు ఎక్కడికీ పోరు, వచ్చే నెల చూద్దాం.

ప్రశ్న: అమ్మా, మాది కందుకూరు. మావారు ప్రైవేటు హైస్కూల్లో లెక్కల మాస్టారు. మా ఆడపడుచు భర్త గవర్నమెంటు టీచరు. ఇద్దరూ ఒకే కాలేజీలో, ఒకే సంవత్సరం బీఈడీ చేశారు. 2020 మార్చిలో బడులు మూశాక మావారికి ఆ నెల జీతం సగం ఇచ్చారు. ఏప్రిల్ నుంచి అదీ లేదు. మళ్ళీ పూర్తి జీతం కళ్ళ చూసింది మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో. ఈలోపు నా గాజులు రెండు, నల్లపూసల గొలుసు బ్యాంకుకి చేరాయి. ఒకరోజు మా ఆడపడుచు ఫోన్ చేసి "ఇంట్లో కూర్చోలేక పిచ్చెక్కతా ఉంది వదినా" అంది. నాకు ఒళ్ళు మండింది. "మీకేందమ్మా, గవర్నమెంటు కూర్చోబెట్టి మేపతా ఉంది, పిచ్చెక్కక ఏం చేస్తది" అన్నాను. ఫోన్ పెట్టేసింది. అప్పటినుంచి రాకపోకలు అంతంతమాత్రమే. ఇప్పుడు ఒంగోలులో ఇల్లు కట్టుకున్నారు, గృహప్రవేశానికి పిలిచారు. మావారు వెళ్దామంటున్నారు. నాకు కాళ్ళు రావడం లేదు. నేనన్న దాంట్లో తప్పుందా?
– ఒక సోదరి, కందుకూరు

జవాబు: అమ్మాయ్, నీకు జవాబు చెప్పే ముందు నా సంగతి చెప్పుకోవాలి. అది దాచిపెట్టి తీర్పు చెబితే బాగుండదు. నువ్వు కూర్చోబెట్టి మేపారన్న మందలో నేనూ ఉన్నాను. 2020లో నేను కావలి దగ్గర ఒక జెడ్పీ హైస్కూల్లో సోషల్ టీచర్ని. రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్ళుంది.

మన రాష్ట్రంలో మొట్టమొదటి కరోనా కేసు నెల్లూరులోనే బయటపడింది, మార్చి 12న, ఇటలీ నుంచి వచ్చిన ఒక విద్యార్థికి. వారం తిరిగేసరికి బడులు మూశారు. నెలాఖరున, 31వ తేదీన, జీవో వచ్చింది. మంత్రులకు, ఎమ్మెల్యేలకు జీతం మొత్తం ఆపుతారు, ఐఏఎస్, ఐపీఎస్‌లకు 60 శాతం, మాబోటి వాళ్ళకు సగం, నాలుగో తరగతి ఉద్యోగులకు 10 శాతం. కోత కాదు, వాయిదా అన్నారు. మా స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో ఆ రాత్రి ఎవరూ నిద్రపోలేదు. "ఇదెక్కడి అన్యాయం" అని నేనూ రాశాను. పక్కన ఎర్రమొహం బొమ్మ కూడా పెట్టాను. నాకు పడిన ఆ సగం జీతం నలభై వేల పైమాట. మా ఎదురింటాయన ఆటో అప్పటికి తొమ్మిది రోజులుగా వేపచెట్టు కింద కదలకుండా ఉంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలని నాకు తోచలేదు.

ఏప్రిల్ 4న వాలంటీరు వచ్చి రేషన్ కార్డున్న ఇళ్ళకు వెయ్యి రూపాయలు ఇచ్చి పోయాడు. ఎదురింటావిడ ఆ నోట్లు పట్టుకొని "మీకు రాలేదా అక్కా?" అని అడిగింది. ఎగతాళికి అడిగిందో, నిజంగానే అడిగిందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఆ తర్వాత నేను ఏటీఎంకి తెల్లవారకముందే వెళ్ళి వచ్చేదాన్ని. "మన డబ్బు మనం తెచ్చుకోవడానికి దొంగల్లా వెళ్ళడమేందే" అని మా ఆయన నవ్వేవారు.

ఇక మామిడిపళ్ళ సంగతి. నీకు చెప్పాల్సింది ఇదే.

మే నెల రెండో వారం. ఆ ఏడు ఉలవపాడు తోటల్లో కాయ బాగానే కాసింది గానీ బయటి బేరగాళ్ళు రాక, లారీలు సరిగా కదలక, తోటల వాళ్ళు అయినకాడికి ఇచ్చేస్తున్నారు. ఒకతను మోపెడ్ వెనక రెండు ప్లాస్టిక్ ట్రేలు కట్టుకొని మా వీధిలోకి వచ్చాడు. మూతికి తువ్వాలు చుట్టుకున్నాడు. అరవడం కూడా రావడం లేదు. "బంగినపల్లి. కిలో యాభై" అని హాజరు పిలిచినట్టు చెబుతున్నాడు. నేను గేటు లోపల నిలబడి నలభైకి బేరమాడాను. "ఎవరు కొంటున్నారయ్యా ఈ రోజుల్లో, రేపటికి మెత్తబడిపోతాయి" అని పైగా ఒక మాట కూడా. సరేనని రెండు కిలోలు తూచాడు. తూచి సంచిలో వేస్తూ "బాబు ఇప్పుడేం చేస్తున్నాడు మేడమ్?" అన్నాడు.

మావాడికి పదో తరగతిలో లెక్కలు చెప్పిన మాస్టారు. ఏడాదంతా సాయంత్రాలు మా వరండాలో కూర్చొని ఆ మొద్దు బుర్రలోకి త్రికోణమితి ఎక్కించిన మనిషి. మా ఇంటి కాఫీలో చక్కెర ఎక్కువని ఆయనే చెప్పేవారు.

నాకు చేతులు ఆడలేదు. అయిదు వందల నోటు తెచ్చి "చిల్లర ఉండనివ్వండి మాస్టారూ" అన్నాను. ఆయన జేబులోంచి నోట్లు తీసి, నాలుగు వందల ఇరవై లెక్కపెట్టి, గేటు దిమ్మె మీద పెట్టి, ఎగిరిపోకుండా వాటి మీద ఒక పండు పెట్టారు. "ఇది కొసరు మేడమ్" అని బండి స్టార్ట్ చేసుకొని వెళ్ళిపోయారు.

ఆ పళ్ళు గొంతు దిగలేదని రాస్తే బాగుంటుంది గానీ అబద్ధం. తిన్నాం. తియ్యగా ఉన్నాయి. నన్ను తొలిచింది పది రూపాయల బేరం కూడా కాదు. మార్చి నుంచి మే దాకా ఆయనకు ఒక్క ఫోన్ చేయాలని నాకు తోచలేదు. నంబరు నా ఫోన్లోనే ఉంది, 'మ్యాథ్స్ సార్' అని. ప్రైవేటు బళ్ళలో జీతాలు ఆగిపోయాయని పేపర్లో చదివి అయ్యో అనుకున్నదాన్నే. పేపర్లో చదివిన అయ్యో నాలుగిళ్ళ అవతలి దాకా నడవలేదు.

ఇప్పుడు నీ సంగతి. నువ్వన్న మాట తప్పు. నీ కడుపుమంట తప్పు కాదు. రెండింటినీ కలిపి ఒకటే చేసుకొని ఇన్నేళ్ళూ మోస్తున్నావు.

ఒక్కటి అడుగుతాను. ఆ రెండు నెలలు మీ ఆడపడుచు భర్తకు సగం జీతం ఆపారు కదా. ఆపిన ఆ సగం మీ ఇంటికేమైనా వచ్చిందా? మొత్తం ఆపేసి ఉంటే మీవారి జీతం పెరిగేదా? ఇంకో ఇంట్లో కూడా గాజులు బ్యాంకుకి పోయేవి, అంతే జరిగేది. మీవారి జీతం ఆపింది ఆయన కాదని నీకూ తెలుసు. యాజమాన్యాన్ని గట్టిగా అడిగితే ఉన్న ఉద్యోగం పోతుంది. గవర్నమెంటుకి చెబుదామంటే ఎవరికి చెప్పాలో తెలియదు. ఆడపడుచు అయితే ఫోన్లో దొరుకుతుంది. దొరికినవాళ్ళ మీద పడ్డావు. లోకమంతా అదే చేసింది, నువ్వొక్కదానివే కాదు.

మీ బడి యాజమాన్యం దగ్గర నిజంగా డబ్బు లేదో, ఉండీ ఇవ్వలేదో నాకు తెలియదు. తండ్రులు ఫీజులు కట్టలేదన్నది నిజం. మా ఎదురింటి ఆటో ఆయన కూడా ఆ తండ్రుల్లో ఒకడు. కానీ మార్చి నెలలో సగం పైన రోజులు మీవారు పాఠాలు చెప్పారు. ఆ నెలకి కూడా సగమే ఇచ్చారంటే అడగాల్సిన మాట అక్కడ ఉంది. కేంద్రం మార్చి 29న, మూసి ఉన్న కాలానికి కూడా కోత లేకుండా జీతాలివ్వాలని పరిశ్రమలకూ, దుకాణాలకూ, వాణిజ్య సంస్థలకూ ఉత్తర్వు ఇచ్చింది. బడి అందులోకి వస్తుందా రాదా అని తేల్చుకునే ఓపిక కూడా మీబోటి వాళ్ళకు మిగల్లేదు. పక్కన తెలంగాణలో ప్రైవేటు టీచర్లకు నెలకు 2 వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామన్నది కూడా 2021 ఏప్రిల్లో, ఏడాది గడిచాక. మనం ఆ వార్త చదువుకున్నాం.

ఇంకో ముక్క చెబుతాను. ఇది వింటే నీకు మళ్ళీ మండుతుందేమో. మాకు వాయిదా వేసిన ఆ జీతాల మీద ఒక రిటైర్డ్ జిల్లా జడ్జి హైకోర్టుకి వెళ్ళారు. 2020 ఆగస్టులో హైకోర్టు 12 శాతం వడ్డీతో ఇమ్మంది. సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో వడ్డీని 6 శాతానికి తగ్గించి, ఇవ్వాల్సిందేనంది. నీ గాజుల మీద బ్యాంకు నీ దగ్గర వడ్డీ తీసుకుంటున్న రోజుల్లో, నాకు వడ్డీ ఇమ్మని కోర్టు చెప్పింది. ఆ తీర్పు తప్పని నేననను. జీతం ఎవరి దయా కాదు, రావాల్సిన డబ్బు. మీవారికీ అది రావాల్సిన డబ్బే. కాకపోతే ఆయన తరఫున కోర్టు మెట్లెక్కిన వాళ్ళు లేరు.

మీ ఆడపడుచు పిచ్చెక్కుతోందన్నది కూడా అబద్ధం కాదమ్మా. ముప్ఫై ఏళ్ళు గంట కొడితే లేచి, గంట కొడితే కూర్చున్న నాకు మధ్యాహ్నం మూడింటికి ఏం చేయాలో తోచేది కాదు. మధ్యలో పిలిస్తే వెళ్ళి పిల్లల ఇళ్ళకు మధ్యాహ్న భోజనం బియ్యం, కోడిగుడ్లు, చిక్కీలు పంచి వచ్చాం. బడులు బాగుచేసే నాడు-నేడు పనుల దగ్గర సిమెంటు బస్తాలు లెక్కపెట్టాం. విశాఖ జిల్లాలో అయితే టీచర్లను వైన్ షాపుల ముందు జనాన్ని వరసలో నిలబెట్టడానికి వేశారని గుర్తుందిగా. ఇవన్నీ పని కాదనను, తీసుకున్న జీతానికి సరిపోయేంత పని అనీ అనను. ఆమె తప్పు పిచ్చెక్కుతోందనడం కాదు, ఎవరితో అంటున్నానో చూసుకోకపోవడం. నువ్వెలా ఉన్నావని ఒక్కసారి అడగకపోవడం. ఆ తప్పు నాది కూడా కాబట్టి గట్టిగా చెప్పగలను.

వెళ్ళు. అన్నగారింటి నుంచి ఆడపిల్లకు పుట్టింటి చీర నీ చేతుల మీదుగా అందాలి, అది కొరియర్‌లో పంపే వస్తువు కాదు. గొప్పకు పోయి అప్పు చేసి పట్టుచీర కొనకు, మంచి వెంకటగిరి నూలుచీర చాలు. బయలుదేరే ముందు ఒక ఫోన్ చెయ్. "ఆ రోజు మాట తూలాను. కానీ అప్పుడు మేమెలా ఉన్నామో నువ్వు ఒక్కసారి అడిగితే బాగుండేది" అను. రెండు వాక్యాలూ అనాలి. మొదటిది ఒక్కటే అంటే నీకు మళ్ళీ లోపల ఉడుకుతుంది. రెండోది ఒక్కటే అంటే గొడవ. ఆమె "అయ్యన్నీ ఇప్పుడెందుకులే వదినా" అంటే నువ్వూ వదిలెయ్, అంతకంటే ఎక్కువ మన ఇళ్ళలో ఎవరూ అనరు. నలుగురిలో మాత్రం ఆ ఊసెత్తకు. పాలు పొంగేటప్పుడు కళ్ళలో నీళ్ళు వస్తే పొగ మీదకు నెట్టెయ్.

ప్రశ్న: నెల్లూరు చిన్నబజారులో మాకు స్టీలు సామాన్ల కొట్టు ఉంది. నలుగురు పనివాళ్ళు. 2020లో కొట్టు మూసి ఉన్న రెండు నెలలూ సగం జీతం వాళ్ళ ఇళ్ళకు పంపాను. తెరిచిన నాలుగు నెలలకే ఒకడు ఎదురుకొట్లో చేరాడు. ఇప్పటికీ అక్కడ నిలబడి నా కస్టమర్లనే "రండి సార్" అని పిలుస్తాడు. తిన్న ఉప్పుకి విశ్వాసం ఏమైనట్టు? (ఆ ఇచ్చింది తర్వాత నెలకు వెయ్యి చొప్పున పట్టుకున్నాననుకోండి, అది వేరే సంగతి.)
– ఒక వ్యాపారి, నెల్లూరు

జవాబు: అయ్యా, అది వేరే సంగతి కాదు. మీ ఉత్తరంలో అసలు సంగతి ఆ బ్రాకెట్లోనే ఉంది.

మీ కష్టం నాకు తెలియక కాదు. స్టీలు కొట్టుకి ఏప్రిల్, మే అంటే పెళ్ళిళ్ళ బేరం, సారె సామాన్ల బేరం. ఏడాదిలో గిట్టేది ఆ రెండు నెలల్లోనే. సరిగ్గా అప్పుడే షట్టర్ దించాల్సి వచ్చింది. అద్దె ఆగలేదు. కేంద్రం జీతాలివ్వమని ఉత్తర్వైతే ఇచ్చింది గానీ ఆ డబ్బు ఎక్కడినుంచి తేవాలో చెప్పలేదు. దాని మీద యజమానులు సుప్రీంకోర్టుకి వెళ్ళారు. ఆ ఉత్తర్వు అమల్లో ఉన్న 50 రోజుల జీతం గురించి ఇరుపక్షాలూ కూర్చొని మాట్లాడుకోండని 2020 జూన్ 12న కోర్టు చెప్పింది. మీరు కోర్టు ఆ మాట చెప్పకముందే సగం పంపారు. అప్పట్లో అదీ చేయనివాళ్ళు బోలెడుమంది. ఆ రెండు నెలలు ఆ నాలుగిళ్ళలో పొయ్యి వెలిగిందంటే అందులో మీ చెయ్యి ఉంది.

కానీ నెలకు వెయ్యి పట్టుకున్న రోజున అది జీతం కాకుండా పోయింది, చేబదులైంది. తీర్చేశాక ఆ అబ్బాయి మీకు బాకీ లేడు. ఉప్పు తిన్న మాట నిజమే, డబ్బులిచ్చి కొనుక్కొని తిన్నాడు. ఎదురుకొట్లో ఎంతిస్తున్నారో ఎప్పుడైనా కనుక్కున్నారా?

ఇంకొకటి. నలుగురిలో ఒకడు పోయాడు. మిగిలిన ముగ్గురూ మీ దగ్గరే ఉన్నట్టున్నారు. మీ ఉత్తరంలో వాళ్ళ గురించి ఒక్క ముక్క లేదు.

ప్రశ్న: నేను ఆర్టీసీలో కండక్టర్ని. ఇప్పటికీ చిల్లర దగ్గర మాటా మాటా పెరిగితే ప్రయాణికులు "లాక్‌డౌన్‌లో ఊరికే కూర్చొని తిన్నారుగా" అంటారు. ఆ మాట వింటే రోజంతా మనసు బాగుండదు. ఏం సమాధానం చెప్పాలి?
– ఒక కండక్టరు, ఒంగోలు

జవాబు: చిల్లర ఇచ్చేయండి. బస్సు నడుస్తుండగా ఇంతకంటే పెద్ద సమాధానం కుదరదు.

ఇంటికొచ్చాక మీలో మీరు అనుకోవడానికి మాత్రం ఒకటి చెబుతాను. ఆర్టీసీ సిబ్బంది గవర్నమెంటులో కలిసింది 2020 జనవరి 1న. మూడు నెలలు తిరక్కుండానే బస్సులు ఆగిపోయాయి, మళ్ళీ కదిలింది మే 21న. ఆ విలీనమే లేకపోతే మీ ఇళ్ళలో పరిస్థితి ఎలా ఉండేదో మీకే బాగా తెలుసు. అదృష్టం కలిసొచ్చిందనుకోవడంలో సిగ్గుపడాల్సింది లేదు. బస్సు ఆపింది మీరు కాదు. జనం ఎక్కకూడదనే ఆపారు.

ఆ మే నెలలో మా ఊరి పక్క హైవే మీద చెన్నై వైపు నుంచి జనం నడిచొస్తుండేవారు. నెత్తిన మూటలు, చంకన పిల్లలు. ఒడిశాకి, బీహార్‌కి అని చెప్పేవారు. మా వీధివాళ్ళం పులిహోర పొట్లాలు, మజ్జిగ తీసుకెళ్ళి ఇచ్చాం, ఎదురింటావిడ కూడా వచ్చింది. చివరికి వాళ్ళను ఎక్కించుకొని రాష్ట్రం సరిహద్దు దాకా దించింది ఆర్టీసీ బస్సులే. మీరు ఆ డ్యూటీ చేశారో లేదో రాయలేదు. చేసి ఉంటే, చిల్లర కోసం అరిచే మనిషికి అది చెప్పాల్సిన పని లేదు, నాకు ఒక ఉత్తరం రాయండి.

ప్రశ్న: విదేశాల్లో ఇంట్లో కూర్చున్నవాళ్ళకు ప్రభుత్వమే జీతాలిచ్చిందని మా లెక్చరర్ చెప్పారు. నిజమేనా? అక్కడ కూడా ఇలాగే ఏడ్చుకున్నారా?
– ఒక డిగ్రీ విద్యార్థి, దర్శి

జవాబు: నిజమే నాయనా. ఏడ్చుకున్నారు కూడా.

బ్రిటన్‌లో దాన్ని ఫర్లో అన్నారు. పని ఆగిపోయిన ఉద్యోగికి జీతంలో 80 శాతం, నెలకు 2,500 పౌండ్లకు మించకుండా, ప్రభుత్వమే యజమాని ద్వారా ఇచ్చింది. 2020 మార్చి నుంచి 2021 సెప్టెంబరు దాకా నడిచింది. ఒకప్పుడో ఇంకొకప్పుడో దాని కిందకు వచ్చిన ఉద్యోగాలు కోటీ 17 లక్షలు, ఖర్చు దాదాపు 7 వేల కోట్ల పౌండ్లు. రూపాయల్లోకి మార్చే పని నీకే వదిలేస్తున్నాను.

మా చెల్లెలి కూతురు లెస్టర్‌లో వృద్ధాశ్రమంలో పనిచేస్తుంది, దాని మొగుడు హోటల్లో. హోటల్ మూశారు, అతనికి ఫర్లో. ఆశ్రమం మూయరుగా, ఇది మాస్కు పెట్టుకొని పన్నెండు గంటల డ్యూటీకి పోయేది. ఆ ఏడు మే నెలలో బ్రిటన్‌లో రికార్డుల్లో లేనంత ఎండ కాసింది. అక్కడివాళ్ళకి ఎండంటే పండగ. ఇది డ్యూటీ నుంచి వచ్చేసరికి మొగుడు పెరట్లో కుర్చీ వేసుకొని ఎండ కాగుతుండేవాడు, జీతంతో. "పిన్నీ అమ్మా, వీణ్ణి కుర్చీతో సహా మడిచి పెట్టాలనిపిస్తోంది" అని నాకు ఫోన్లు. నేను "పెద్దమ్మని, పిన్నిని కాదు" అనేదాన్ని, అంతకంటే ఏం చెప్పాలో తోచక. అతని బాధ అతనిది. పని చేస్తానన్నా చేయకూడదు, జూలై దాకా ఫర్లోలో ఉన్నవాళ్ళు ఆ యజమానికి పని చేయకూడదని రూలు. నలభై మందికి వండే మనిషి ఇంట్లో గరిటె పట్టుకొని తిరిగాడు. కొత్తగా సొంత పని మొదలుపెట్టుకొని ఏ పథకంలోనూ పట్టని వాళ్ళు అక్కడా ఉన్నారు. వాళ్ళకి ఈ ఇద్దరి మీదా కోపమే.

మన దగ్గర అలా ఎందుకు చేయలేదంటావేమో. పదిమంది పనివాళ్ళలో ఎనిమిది తొమ్మిదిమందికి పే స్లిప్పే లేని దేశంలో ఎవరి జీతంలో 80 శాతం ఇవ్వాలి? చీమకుర్తి క్వారీలో రాయి కోసే ఒడిశా కుర్రాడి జీతం ఏ కాగితం మీద ఉంటుంది? అందుకే మనకు బియ్యం వచ్చాయి, జన్‌ధన్ ఖాతాలున్న ఆడవాళ్ళకు నెలకు 500 చొప్పున మూడు నెలలు వచ్చాయి. కాగితం మీద పేరున్నవాళ్ళకి జీతం, లేనివాళ్ళకి బియ్యం. మీ లెక్చరర్ గారు రెగ్యులరా, కాంట్రాక్టా, గెస్టా? ఆ రోజుల్లో ఆయన ఇంట్లో ఎలా గడిచిందో కూడా అడుగు.

ప్రశ్న: అమ్మా, మాది జువ్వలదిన్నె. మావాళ్ళు వేటకి పోతారు. మాకు లాక్‌డౌన్ ఏటా వస్తది. ఏప్రిల్ నడిమధ్య నుంచి జూన్ నడిమధ్య దాకా వేట ఆపేస్తారు, బ్యాంకులో డబ్బులేస్తారు. ఊళ్ళో మిగతావాళ్ళు "మీకేంది, ఇంట్లో పడుకున్నా దుడ్లొస్తయి" అంటారు. ఆళ్ళకి ఏం చెప్పాలో రాయండి. ఈ ఉత్తరం మా పాప చేత రాయిస్తున్నా.
– ఒక అమ్మ, జువ్వలదిన్నె

జవాబు: అమ్మా, మీ పాప దస్తూరి ముత్యాల్లా ఉంది, ముందు ఆ మాట పాపకి చెప్పండి.

ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నిట్లో నాకు కొత్త సంగతి చెప్పింది మీరే. ఇంట్లో కూర్చోబెట్టి డబ్బివ్వడం 2020లో పుట్టిందని మేమంతా అనుకుంటున్నాం. మీకది ఏటా ఏప్రిల్ 15న వస్తుంది, జూన్ 14న పోతుంది. మర పడవలకు వేట నిషేధం, 61 రోజులు. చేప గుడ్లు పెట్టే కాలం కదా, ఆ రోజుల్లో వల వేస్తే మరుసటి ఏడు వలలో ఏమీ ఉండదని. ఒకప్పుడు ఇచ్చింది 4 వేలు, 2019లో 10 వేలయింది, 2025లో 20 వేలు చేశారు. రెండు నెలలకు, ఇంటిల్లిపాదికీ. పడుకుంటే వచ్చే దుడ్లు ఎంతో లెక్క వేసి చూడమనండి. పైగా ఎవరూ పడుకోరని తుమ్మలపెంట వైపు వెళ్ళినప్పుడల్లా చూస్తూనే ఉన్నాను. వలలు బాగుచేసుకోవడం, పడవకి రంగులు, ఇంజను రిపేర్లు, ఉప్పు చేపలమ్మడం, ఆ రెండు నెలల్లోనే పెళ్ళిళ్ళు.

2020లో అయితే మీకు రెండు లాక్‌డౌన్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మార్చి నెలాఖరులోనే పడవలు ఒడ్డుకొచ్చేశాయి, వెనకే నిషేధం. ఆ ఏడు దాన్ని మే 31కే ముగించారు. అప్పుడు మా కావలిలో చేపల పులుసు లేక మొహాలు వేలాడేసుకున్న ఇళ్ళు నాకు తెలుసు, మా ఇల్లు కూడా అందులో ఉంది. కూర్చొని జీతం తింటూ చేపలు లేవని ఏడ్చాం.

మీ ఊరివాళ్ళకి ఇప్పుడేమీ చెప్పకండి. జూన్ 15న మొదటి వేట ఒడ్డుకు చేరాక, ఆ మాటన్న ఆమె గిన్నె పట్టుకొని వస్తుందిగా, మామిడికాయ వేసి పులుసు పెట్టడానికి మంచి వంజరం ముక్కలు కావాలని. అప్పుడు తూచేటప్పుడు చెప్పండి. కొసరు మాత్రం వెయ్యండి.